"మత్తు సూది పడదు": ఎర్ర సిరాతో రాసిన ఒక చీటీ కథ

ఆమె మా బ్రాడీపేట పళ్ళ క్లినిక్‌కు వచ్చింది ఫిబ్రవరి చివర్లో, గుంటూరులో మిర్చి సీజన్ జోరుగా ఉన్న రోజుల్లో. వయసు 46. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పని. కుర్చీ ఎక్కకముందే చెప్పేసింది: "డాక్టరమ్మా, ముందే చెబుతున్నా, నాకు మత్తు సూది పడదు."

వెంట వచ్చిన కూతురు ప్లాస్టిక్ కవరులోంచి ఒక పాత చీటీ తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు అంటించారు. పైన ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు కొట్టి, జైలోకెయిన్ అలర్జీ అని ఇంగ్లీషులో రాసి ఉంది. జైలోకెయిన్ అంటే లిగ్నోకెయిన్ అనే మత్తు మందుకు బ్రాండు పేరు. తేదీ తొమ్మిదేళ్ళ కిందటిది. ఎంత మందు ఇచ్చారు, ఎంతసేపటికి ఏం జరిగింది, ఏం చేస్తే తగ్గింది, ఒక్క ముక్క లేదు.

కుడివైపు కింది దవడ పన్ను పైభాగం దాదాపు మిగల్లేదు. పుచ్చు నరం దాకా పోయింది. నాలుగు రాత్రులుగా నిద్ర లేదట. ముక్కుపొడుం దట్టించింది, లవంగ నూనెలో దూది ముంచి పెట్టింది. పక్కన ఇంకో పన్ను చోటు ఖాళీగా ఉంది. "అదెవరు తీశారమ్మా?" అని అడిగితే, "ఎవరు తీస్తారు, ఊగీ ఊగీ అదే వచ్చింది" అంది. ఈసారి ఇప్పటికే మూడు చోట్లకు తిరిగి వచ్చారు. ఇద్దరు చీటీ చూసి చేయలేమన్నారు. ఒకరు పెద్దాసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి తీయించుకోమన్నారు. ఆ ఖర్చు వినగానే తల్లీకూతుళ్ళు ఇంటికెళ్ళిపోయారు.

ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మొదటి రోజు, నా తప్పు

ఎర్ర సిరా చూశాక నేనూ ఆగిపోయాను. వెయిటింగ్‌లో ఇంకా పదకొండు మంది ఉన్నారు, ఆ చీటీ కథంతా విప్పే తీరిక ఆ పూట నాకు లేదు. సూది లేకుండా చేయగలిగింది చేశాను. పుచ్చులో మెత్తబడిన భాగం పైపైన తీసి, జింక్ ఆక్సైడ్ పొడిలో యూజెనాల్ కలిపి ముద్ద పెట్టాను. ఆ వాసన తగలగానే ఆమె నోరు తెరిచే ఉంచి, "ఇది లవంగ నూనేగా, ఇంట్లో నేను పెట్టుకుందీ ఇదేగా" అన్నట్టు కళ్ళతోనే నవ్వింది. నిజమే, యూజెనాల్ లవంగ నూనెలో ఉండే సారమే.

జ్వరం లేదు, ముఖం వాపు లేదు. అందుకని యాంటీబయాటిక్ రాయలేదు. అలా రాయకపోవడం తర్వాత ఎంత కలిసొచ్చిందో చెబుతాను. నొప్పికి మాత్రం అలవాటు కొద్దీ ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రాశాను. "ఇంకేవైనా మందులు పడవా?" అని అడిగాను కూడా. "సూది ఒక్కటేనమ్మా" అంది. అంతే, కలం కదిలిపోయింది.

రాత్రి పది దాటాక కూతురి ఫోను. "మేడం, అమ్మ పెదాలు ఉబ్బిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు. మీరు సూదేమన్నా వేశారా?"

వేయలేదు. ఈ కేసును మలుపు తిప్పింది ఆ ప్రశ్నే.

ఊపిరి బాగా ఆడుతోందా, గొంతు బొంగురుపోయిందా, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నాయా అని అడిగాను. ఏవీ లేవు. ఇంకో మాత్ర వేయవద్దని, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్ళమని చెప్పాను. అక్కడ అలర్జీ తగ్గించే ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చి తెల్లారేదాకా చూసి పంపారు. ఊపిరి, బీపీ రెండూ నిలకడగా ఉండబట్టి ఆ రెంటితో సరిపోయింది. వాటిలో ఏది తేడా వచ్చినా ముందు ఇవ్వాల్సింది ఎవిల్ కాదు, తొడ కండరంలోకి అడ్రినలిన్. పెద్దవాళ్ళకైతే అర మిల్లీగ్రాము. మన దగ్గర చాలా చోట్ల ఈ వరుస తిరగబడుతూ ఉంటుంది.

ఆ రోజు ఆమె ఒంట్లోకి కొత్తగా వెళ్ళిన మందు ఆ మాత్ర ఒక్కటే. దాంట్లో పారాసిటమాల్ ఆమెకు పాతదే, ఒళ్ళు నొప్పులకు డోలో వేసుకుంటూనే ఉంది. ఇక మిగిలింది ఎసిక్లోఫెనాక్. యాంటీబయాటిక్ కూడా రాసి ఉంటే ఆ రాత్రి ఏది చేసిందో తేల్చలేక తల పట్టుకునేవాళ్ళం.

అసలు కథ

మూడో రోజు మధ్యాహ్నం అపాయింట్‌మెంట్లేవీ పెట్టుకోకుండా తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టి మొదటినుంచీ అడిగాను. నలభై నిమిషాలు పట్టింది. మొదటి రోజు నేను ఇవ్వాల్సింది ఆ నలభై నిమిషాలే.

తొమ్మిదేళ్ళ కిందట పన్ను తీయించుకోవడానికి వెళ్ళింది కార్తీక సోమవారం. తలస్నానం చేసి, ఉపవాసంతో, రెండు బస్సులు మారి వెళ్ళింది. కూతురికి అప్పుడు పదిహేనేళ్ళు, పక్కనే ఉంది. ఇలాంటప్పుడు పేషెంటు కంటే పక్కనున్నవాళ్ళ జ్ఞాపకమే పనికొస్తుంది, ఎందుకంటే పేషెంటు ఆ కాసేపూ లోకంలో ఉండదు. "అమ్మ మొహం ఎర్రబడిందా, తెల్లబడిందా?" అని అడిగాను. "సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది మేడం. చెమటలు పట్టాయి. కళ్ళు తేలేసింది." దురద, దద్దుర్లు? లేవు. ఎంతసేపటికి? సూది తీసిన వెంటనే. ఏం చేశారు? కింద పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లారు. ఎప్పుడు లేచింది? నాలుగైదు నిమిషాల్లో లేచి కాఫీ తాగింది.

అలర్జీ నాలుగైదు నిమిషాలు పడుకోబెడితే పోదు. భయానికి, ఖాళీ కడుపుకి నాడి నెమ్మదించి, బీపీ పడిపోయి వచ్చే సొమ్మసిల్లడం ఇది. పంటి కుర్చీలో రోజూ కనిపించేదే.

రెండో సంగతి ఆరేళ్ళ కిందటిది. కత్తిపీటకు చేయి తెగితే నాలుగు కుట్లు వేశారు. అరగంటకు ఒళ్ళంతా దద్దుర్లు, పెదవి వాపు. "మత్తు సూది మళ్ళీ పడలేదు" అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. ఇక్కడ మాత్రం దద్దుర్లున్నాయి, కాబట్టి కొట్టిపారేయలేం. కూతురు అదే కవరులోంచి ఆ రోజు బిల్లు కూడా తీసింది. లిగ్నోకెయిన్, టీటీ, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, దూది, బ్యాండేజీ. ఆరేళ్ళుగా ఆ బిల్లు ఎర్ర సిరా చీటీ పక్కనే మడిచి ఉంది. ఎవరూ తీసి చూడలేదు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఒకే కుటుంబం మందులు.

మూడోది ఆమె చెప్పడం మర్చిపోయి, లేచి వెళ్ళబోతూ అంది. "దద్దుర్లంటే నాకు అప్పుడప్పుడూ వస్తాయిలే అమ్మా. మిరప ఘాటుకి." అక్కడ పనిచేసేవాళ్ళందరికీ వస్తాయా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "తాలు కాయలు ఏరేటప్పుడు దగ్గు, తుమ్ములు అందరికీ. చేతులు మంట అందరికీ. దద్దుర్లు మాత్రం నాకే." నడుం పట్టేసినప్పుడు పక్కామె ఇచ్చే నొప్పి బిళ్ళ వేసుకున్న రోజులే అవి. ఏం బిళ్ళ అంటే తెలీదు, "గులాబీ రంగుది" అంది. ఘాటు మాటున అసలు కారణం ఇన్నాళ్ళూ దాక్కుంది.

"పడదు" అంటే ఏమిటి

ఈ మాటతో మా వృత్తిలో పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. వంకాయ పడదు, చల్లగాలి పడదు, అత్తా కోడళ్ళకు పడదు. సూది కూడా ఆ వరుసలోకే చేరుతుంది. నా దగ్గర "మత్తు సూది పడదు" అన్నవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కథ. ఒకాయనకు సూది వేయగానే గుండె దడదడలాడి చేతులు వణికాయి. అది మందులో కలిపే అడ్రినలిన్ పని, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఒక పిల్లాడి పెదవి మర్నాటికి వాచింది. మొద్దుబారిన పెదవిని వాడే కొరుక్కున్నాడు. ఇంకొకామెకు చీము పట్టిన పంటికి ఎన్ని సూదులేసినా మత్తు ఎక్కలేదు. చీము ఉన్నచోట ఆమ్లత్వం ఎక్కువ కాబట్టి మందు సరిగ్గా పనిచేయదు, ఆమె దాన్నీ "పడలేదు" అనే చెప్పింది. మందు మోతాదు మించితేనో, పొరపాటున రక్తనాళంలోకి వెళితేనో నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. అది ప్రమాదమే గానీ అలర్జీ కాదు.

నిజమైన అలర్జీ ఎందుకంత అరుదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. గత శతాబ్దం మొదట్లో వచ్చిన ప్రొకెయిన్ అనే మత్తు మందు ఈస్టర్ జాతిది. శరీరంలో విరిగినప్పుడు దాన్నుంచి పాబా అనే పదార్థం పుడుతుంది. అలర్జీలకు పేరుపడింది అది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్ అమైడ్ జాతి, పాబా పుట్టించదు. మనం ఇప్పుడు పళ్ళకు వేసే ఇంజెక్షన్లన్నీ దాదాపు ఈ జాతివే. వాటికి అలర్జీ అని చెప్పుకునే కేసుల్లో పరీక్షకు నిలబడేవి నూటికి ఒకటి కూడా ఉండవు. అయితే సీసాలో మందు ఒక్కటే ఉండదు. 30 మిల్లీలీటర్ల పెద్ద వయల్‌లో చెడిపోకుండా మిథైల్ పారాబెన్ కలుపుతారు. దాని నిర్మాణం పాబాకు దగ్గర. అడ్రినలిన్ ఉన్న మందులో సల్ఫైట్ ఉంటుంది, అది కొందరు ఆస్తమా వాళ్ళకు పడదు. ఇక్కడ నిజంగానే పడదు. సల్ఫా మాత్రలు పడనివాళ్ళు ఈ సల్ఫైట్‌కు భయపడక్కర్లేదు. పేరు దగ్గరగా ఉంది తప్ప వాటికి సంబంధం లేదు. ఇవి కాక గ్లవుజు రబ్బరు, నోరు పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ కూడా అనుమానితుల జాబితాలో ఉండాలి.

ముందున్న దారులు

ఆమె విషయంలో డైక్లోఫెనాక్ మీద అనుమానం గట్టిదే, కానీ కుట్లు వేసిన రోజు లిగ్నోకెయిన్ కూడా వెళ్ళింది. దాన్ని నిర్దోషి అనాలంటే నా ఊహ చాలదు.

పూర్తి మత్తు ఒక దారి. అలర్జీ భయంతో అటు వెళ్ళడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. తేలని ఒక్క మందును తప్పించబోయి అరడజను మందులు ఎక్కించుకోవడం అది. ఆపరేషన్ థియేటర్లలో వచ్చే తీవ్రమైన అలర్జీలకు కండరాలు సడలించే మందులు ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

డైఫెన్‌హైడ్రమిన్ ఇంకో దారి. బెనాడ్రిల్ సిరప్‌లో ఉండే మందే. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను నాలుగు మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే ఒక శాతం అవుతుంది, మొద్దుబార్చే గుణం ఉంది. లిగ్నోకెయిన్ జాతి మొత్తం నిజంగా కుదరని అరుదైన మనిషికి పనికొస్తుంది. కానీ వేసేటప్పుడు బాగా మండుతుంది, మగత వస్తుంది, గాఢత ఎక్కువైతే కండ చెడుతుంది. కింది దవడ పన్ను తీయడానికి అంత లోతుగా పనిచేస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇది చదివి అదే పని ఎవిల్‌తో చేద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: రెండూ ఒకటి కావు.

ఊరకే మందు మార్చి, ఆర్టికెయిన్ అనే ఇంకో మత్తు మందు వేయవచ్చుగా అని ఒక మిత్రుడు అన్నాడు. వేయవచ్చు, చాలావరకు ఏమీ కాదు కూడా. కానీ అప్పుడు ఎర్ర సిరా అలాగే ఉంటుంది. రేపు వాళ్ళ ఊళ్ళో చేయి తెగితే అక్కడ ఉండేది లిగ్నోకెయిన్ పెద్ద వయలే.

కాబట్టి పరీక్ష. ముంజేతి మీద "టెస్ట్ డోస్" పేరుతో ఒక బుడగ లేపి పావుగంట చూడటం మన దగ్గర ఆచారంలా పాతుకుపోయింది. నేను దాన్ని పరీక్ష కింద లెక్కపెట్టను. అడ్రినలిన్ కలిసిన మందుతో చేస్తే చర్మం తెల్లబడి అసలు రియాక్షన్ కనిపించకుండా పోతుంది. సూది గుచ్చిన ఎరుపును అలర్జీ అనుకోవడమూ అంతే మామూలు. ఇక సొమ్మసిల్లే మనిషిని ఆ బుడగ ఎలాగూ పట్టుకోలేదు.

అలర్జీ చూసే ఫిజీషియన్ దగ్గరికి, మత్తు డాక్టర్ అందుబాటులో ఉండే ఆసుపత్రికి పంపాను. రియాక్షన్ వచ్చిన వెంటనే పరీక్ష సరిగ్గా తేలదు కాబట్టి నాలుగు వారాలు ఆగమన్నారు, చివరి వారం లివోసెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ముట్టుకోవద్దన్నారు. ఈలోగా పంటికి లవంగ ముద్ద, డోలో 650. వారంలో నొప్పి పోయిందని సంతోషంగా ఫోన్ చేసింది. నరం చచ్చిపోతోందని, పన్ను బాగుపడలేదని చెప్పి ఆమె సంతోషం పాడుచేయాల్సి వచ్చింది.

పరీక్ష ఇలా జరిగింది. ముందు ఏమీ చేయని సెలైన్, ఎవరికైనా దద్దు తెప్పించే హిస్టమిన్ చుక్కలు పోలికకు. వాటి పక్కన అడ్రినలిన్, పారాబెన్ రెండూ లేని రెండు శాతం లిగ్నోకెయిన్ చుక్క, దాని మీద చిన్న గీటు. ఇరవై నిమిషాలకు హిస్టమిన్ దగ్గర దోమ కుట్టినట్టు దద్దు లేచింది, మిగతా రెండూ చప్పగా ఉన్నాయి. తర్వాత పదోవంతుకు పలచన చేసిన మందు చర్మం లోపలికి. అదీ ఏమీ లేదు. అప్పుడు అసలు మందు చర్మం కింద 0.1, అరగంటాగి 0.5, మరో అరగంటకు 1 మిల్లీలీటరు. రెండు గంటలు కూర్చోబెట్టారు. ఇంకో రోజు పారాబెన్ ఉన్న మామూలు వయల్‌తో అదే వరుస. ఏమీ కాలేదు.

పన్ను తీసిన రోజు

ఇడ్లీ తిని రమ్మన్నాను. తిన్నానంది, నమ్మకం లేక కూతురిని అడిగాను. బరువు 58 కిలోలు, బీపీ 130/84, వేలికి ఆక్సీమీటరు, నాడి 92. కుర్చీని ముందే వెనక్కి వాల్చాను.

సూది మూత తీశాను. ఇంకా నోటి దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. ఆక్సీమీటరు బీప్ నెమ్మదించింది. 92 కాస్తా 74, 66, చూస్తుండగానే 54. పై పెదవి మీద చెమట చుక్కలు. "డాక్టరమ్మా, అదే, అప్పటి లాగానే" అంది నీరసంగా. మూత పెట్టేసి కాళ్ళు పైకి ఎత్తించాను. పిక్కలు, తొడలు బిగబట్టి వదలమ్మా, మళ్ళీ బిగబట్టు అని కూతురి చేత చేయించాను. మూడు నిమిషాల్లో 80కి వచ్చింది. అప్పుడు స్క్రీన్ ఆమె వైపు తిప్పి చూపించాను. "మందు ఒక్క చుక్క లోపలికి పోలేదు, సూది మొహం చూస్తేనే ఇలా అయింది." ఆమె కాసేపు స్క్రీన్ వంక చూసి, "అయితే నాకు మందు కాదు, సూదే పడదు" అంది. తొమ్మిదేళ్ళలో ఎవరూ పెట్టలేని డయాగ్నోసిస్.

పది నిమిషాలు ఆగి, సూది కనపడకుండా, రక్తనాళంలో లేదని వెనక్కి లాగి చూసుకుంటూ నిదానంగా వేశాను. రెండు శాతం లిగ్నోకెయిన్, 80 వేలకు ఒక పాలు అడ్రినలిన్, 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లు రెండు. మొత్తం 72 మిల్లీగ్రాముల లిగ్నోకెయిన్. అడ్రినలిన్ కలిపినప్పుడు కిలోకు 7 మిల్లీగ్రాముల హద్దు లెక్కన ఆమెకు 400 దాకా ఇవ్వవచ్చు. పన్ను రెండు ముక్కలుగా వచ్చింది. గంటసేపు ఉంచి పంపాను.

నొప్పికి డోలో 650 మాత్రమే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఏవీ వద్దని ఫిజీషియన్ రాశారు. దద్దుర్లు తెప్పించిన మందునే మళ్ళీ ఇచ్చి రుజువు చేయాల్సిన అవసరం లేదన్నది ఆయన అభిప్రాయం, నాదీ అదే. నడుం నొప్పి మనిషిని డోలో ఒక్కదానితో ఎన్నాళ్ళు నెట్టుకురమ్మంటాం అని తర్వాత ఎటోరికాక్సిబ్ అనే వేరే రకం నొప్పి మందు సగం మాత్ర, ఆపైన పూర్తి మాత్ర ఆసుపత్రిలోనే వేసి చూశారు. తట్టుకుంది.

కొత్త కార్డు తెలుగులో రాసి లామినేషన్ చేయించాను. పైన: లిగ్నోకెయిన్ పరీక్షించాం, ఇవ్వవచ్చు, పడుకోబెట్టి ఇవ్వండి. కింద: ఇవ్వకూడని నొప్పి మందుల పేర్లు. పాత చీటీ మీద ఎర్ర సిరాను అడ్డంగా కొట్టేసి తేదీ వేసి సంతకం పెట్టాను.

జూన్‌లో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. వెనక బస్సుల హారన్లు. "డాక్టరమ్మా, మెడికల్ షాపులో ఉన్నా. మెడ పట్టేసిందంటే ఈ అబ్బాయి బిళ్ళ ఇస్తున్నాడు. కార్డు చూపిస్తే ఇది అందులో లేదంటున్నాడు. నాకేమో గులాబీ రంగు చూస్తే అనుమానంగా ఉంది. పేరు చదువుతాడు, వినండి." ఫోన్ అతని చేతికి వెళ్ళింది. అట్ట మీద పెద్దక్షరాల పేరు చదివాడు. దాని కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదవమన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత అతనే అన్నాడు, "డైక్లోఫెనాక్ ఉంది మేడం. డోలో ఇచ్చేస్తా."